కిషన్‌బాగ్ గల్లీకి కలరా తెచ్చిన ఖండం

నోరు జారి ఇంట్లో గొడవ తెచ్చుకున్నవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. వీధినంతా మీదికి తెచ్చుకున్న ఘనులూ కొందరుంటారు. కానీ ఒక ఖండం మొత్తం మీద నింద వేసినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆ ఖండం ఆఫ్రికా, ఆ నింద కలరా. ఈ ఘనకార్యం చేసేనాటికి నాకు ఇరవై ఆరేళ్ళు. మెడలో గుర్తింపు కార్డు, జేబులో మూడు రంగుల పెన్నులు, తలలో బోలెడంత గాలి. చదువుతూ మధ్యలో ఎక్కడైనా నాకు నాలుగు తగిలించాలనిపిస్తే మొహమాటపడకండి. కాకపోతే కిషన్‌బాగ్‌లో ఇప్పటికే పెద్ద క్యూ ఉంది, మీరు వెనక నిలబడాలి.

మాది గోదావరి జిల్లా. ఉద్యోగం హైదరాబాదులో, రోగాల క్రిములను పరీక్షించే ఒక ల్యాబులో. మకాం పాతబస్తీలోని కిషన్‌బాగ్‌లో, ఈశ్వరయ్యగారి మేడమీద గదిలో. ఈశ్వరయ్యగారికి ఉస్మాన్‌గంజ్‌లో తాతల నాటి బెల్లం, ఎండుమిర్చి హోల్‌సేల్ దుకాణం ఉంది. ఆయన నన్ను అందరికీ "మా సైంటిస్ట్ సారు" అని పరిచయం చేసేవారు. నిజానికి నేను సైంటిస్టును కాను, సైంటిస్టుల దగ్గర డబ్బాలకు లేబుళ్ళు అంటించే స్థాయిని అప్పుడప్పుడే దాటుతున్నవాణ్ణి. అయినా పెద్దాయన అంత ప్రేమగా అంటుంటే కాదనడం మర్యాద కాదని ఊరుకున్నాను. కొన్నాళ్ళకు నేనూ నమ్మేశాను. అసలు జబ్బు అక్కడే మొదలైంది.

మా ల్యాబుకు అధిపతి వసుంధర మేడమ్, వరంగల్ వైపు మనిషి. ఆవిడ నవ్వితే ల్యాబంతా వినబడుతుంది. నవ్వడం ఆపేస్తే అంతకన్నా బాగా వినబడుతుంది. కరోనా రోజుల్లో మా ల్యాబుకి ఒక యంత్రం వచ్చింది. చూడ్డానికి కాగితాలు కుట్టే స్టేప్లర్ అంత ఉంటుంది గానీ, క్రిమి లోపల ఉండే జన్యువుల రాతను ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చదివేస్తుంది. అది ఏం చేస్తుందో మేడమ్ నాకు చెప్పిన తీరు ఇదీ.

"ప్రసాద్, పరీక్షల ఎన్నడన్న కాపీ గొట్టినవా?"

"ఛ ఛ, లేదండీ!"

"అబద్ధం జెప్పకు, నీ మొఖం జూస్తేనే తెలుస్తున్నది. ఒకని పేపర్ల ఉన్న తప్పే ఇంకొకని పేపర్ల ఉన్నదనుకో. ఏమర్థం?"

"ఒకణ్ణి చూసి ఒకడు రాశాడనండి."

"ఆఁ. గా రెండోన్ని జూసి మూడోడు రాసిండు. ఉన్న తప్పు అట్లనే దించి, మీదికెల్లి తనది ఇంకో తప్పు కలిపిండు. గట్ల తప్పులు పట్టుకొని పోతే ఎవడు ఎవన్ని జూసి రాసిండో తెలుస్తదా లేదా? క్రిమి గూడ గంతే. తల్లిని జూసి బిడ్డ రాసుకుంటది. రాసేటప్పుడు ఎన్నడో ఒక అక్షరం తప్పు వడ్తది."

కలరా క్రిమి రాత నలభై లక్షల అక్షరాల పుస్తకం. అందులో ఏడాదికి పడే తప్పులు మూడో నాలుగో. మనలో ఎవరం అంత శుభ్రంగా కాపీ కొట్టగలం చెప్పండి! ఆ మూడు నాలుగు తప్పులను పట్టుకుని, ఏ క్రిమి ఏ క్రిమికి బిడ్డో, ఎవరు ఎవరికి పినతల్లి కూతురో చెట్టుబొమ్మలాగా గీస్తారు. ప్రపంచంలో ఏ మూల ఏ డాక్టరు ఒక క్రిమిని చదివినా, ఆ రాతను అందరూ చూసుకునేలా పెడతారు. ఎవరిదీ ఎవరూ దాచుకోరు. అన్నీ కలిపి చూస్తే మన బంగాళాఖాతం ఒడ్డు నుంచి కలరా అలలు అలలుగా బయల్దేరి, సముద్రాలు దాటి ఆఫ్రికాకు, అక్కడి నుంచి ఇంకా అవతలికి ఎలా వెళ్ళిందో కళ్ళకు కడుతుంది. ఆ బొమ్మ మొదటిసారి చూసిన రోజున నేను మధ్యాహ్నం భోజనం మరచిపోయాను. గోదావరి జిల్లా వాడు భోజనం మరచిపోయాడంటే మీరే అర్థం చేసుకోండి, అదెంత గొప్ప బొమ్మో.

ఇలా ఉండగా మా గల్లీకే కలరా వచ్చింది. ఒక్క వారంలో ఆరుగురు పడ్డారు. సమయానికి ఆసుపత్రికి చేరారు, సెలైన్లు ఎక్కాయి, ఓఆర్ఎస్ నీళ్ళు తాగారు, ఆరుగురూ క్షేమంగా ఇంటికొచ్చారు. ఆ ఆరుగురిలో అందరికన్నా చిన్నది ఎదురింటి అమీనా. నాలుగేళ్ళ పిల్ల. గల్లీలో ఎవరు నడిచినా ఆపి, ఎక్కడికి పోతున్నారో అడిగి, జవాబు నచ్చితేనే వదిలిపెట్టేది.

అమీనా నాన్న యూసుఫ్ భాయ్. తూర్పు ఆఫ్రికాలో, దారెస్సలాంలో లారీ మెకానిక్కు. అప్పటికి మూడు వారాల క్రితం సెలవు మీద వచ్చాడు, అదీ అమీనా బిస్మిల్లా కోసం. పిల్లకు సరిగ్గా నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులు నిండిన నాడు, పెద్దవాళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని మొదటి అక్షరాలు చదివించే వేడుక అది. ఆ రోజు దాటితే మళ్ళీ రాదు, ముందుకూ వెనక్కీ జరపరు. పిల్ల పుట్టిన రోజు నుంచే లెక్కపెట్టుకుని యూసుఫ్ భాయ్ సెలవు సంపాదించాడు. ఆసుపత్రి నుంచి పిల్ల ఇంటికొచ్చేసరికి ఆ వేడుకకు పన్నెండు రోజులు మిగిలాయి. గల్లీ మొత్తానికి దావత్ అని అప్పటికే ఇంటింటికీ చెప్పేశాడు.

ఇప్పుడు నా తెలివి చూడండి. ఆరుగురి క్రిముల రాతలూ ల్యాబులో చదివాం. వాటిని ప్రపంచపు రాతలతో పోల్చి చెట్టు గీసే పని మేడమ్ నాకిచ్చింది. గల్లీలో ఆఫ్రికా నుంచి వచ్చిన మనిషి ఉన్నాడని నాకు తెలుసు. ఇంకేముంది, అపరాధి దొరికేశాడని మనసులో కేసు మూసేసి, ఆ తర్వాత రుజువు కోసం కూర్చున్నాను. ప్రపంచపు రాతల గుట్టలోంచి తూర్పు ఆఫ్రికావి ఓ బుట్టెడు దించుకున్నాను. మన దేశానివి, పాతికేళ్ళ నాటివి, మర్యాదకు రెండు పెట్టాను. చెట్టు గీశాను. మా గల్లీ క్రిములకు అందరికన్నా దగ్గర చుట్టం ఎవరని చూస్తే ఆఫ్రికాయే! కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. ఆడపెళ్ళివారిని మాత్రమే పిలిచి, పందిట్లో ఎటు చూసినా ఆడపెళ్ళివారే కనిపిస్తున్నారని ఆశ్చర్యపోయేవాణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, ఇక్కడున్నాను.

మేడమ్ ఆ రోజు ఏదో మీటింగుకు వెళ్ళింది. రేపు చూపిద్దాం కదా, అంతదాకా నోరు మూసుకుందాం అని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. అనిపించిన గంటకు ఈశ్వరయ్యగారి అరుగు మీద కూర్చుని ఉన్నాను.

"ఏంది సారూ, మస్తు ఖుషీగున్నరు?"

"ఈశ్వరయ్యగారూ, మీకు ఒక్కరికే చెబుతున్నాను. ఎవరితోనూ అనకండి."

"నేనెవ్వరితోని అంట? నాకు దుకాణం తప్ప దునియా తెల్వది."

"మన గల్లీకి కలరా ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టానండి. ఆఫ్రికా నుంచి!"

ఆయన నోట్లోని వక్కపలుకు దవడకు ఆనింది. మెల్లగా ఎదురింటి తలుపు వైపు చూశారు. "అంటే... మన యూసుఫా?"

"నేను పేరు చెప్పలేదండీ. సైన్సు పేర్లు చెప్పదు."

సైన్సు చెప్పకపోతేనేం, గల్లీ చెప్పుకుంది. ఆయన మర్నాడు పొద్దున దుకాణానికి వెళ్ళారు. మధ్యాహ్నానికి ఉస్మాన్‌గంజ్‌లో బెల్లం కొన్న ప్రతివాడికీ కలరా భూగోళం ఉచితంగా అందింది. సాయంత్రానికి ఆ వార్త ఆటో ఎక్కి కిషన్‌బాగ్‌కు తిరిగొచ్చింది. వచ్చేటప్పటికి బాగా పెరిగింది కూడా. యూసుఫ్ పెట్టెలో ఆఫ్రికా నీళ్ళ సీసా ఉందని ఒకరు, ఆ దేశపు ఎండుచేపలు తెచ్చి వండాడని ఒకరు. మర్నాటికి దావత్‌కు వస్తామన్న ఇళ్ళ నుంచి కబుర్లు మొదలయ్యాయి. ఒకామెకు మోకాలి నొప్పి, ఒకాయనకు ఊరి ప్రయాణం, మూడిళ్ళ వాళ్ళకు ఒకేసారి ఉపవాసం. ఆ ఇంటి ముందు ఆగి అమీనాకు జవాబు చెప్పేవాళ్ళు కూడా అవతలి వైపు నుంచి పోసాగారు. పిల్ల గుమ్మంలో నిలబడి పిలుస్తుంటే ఎవరూ తిరిగి చూడకపోవడం మేడమీద నుంచి నేను చూశాను. చూసి కూడా, పాపం అనుకున్నానే గానీ, నా పాపం అనుకోలేదు.

ఆ సాయంత్రమే యూసుఫ్ భాయ్ మెట్లెక్కి నా గదికొచ్చాడు.

"సలాం సార్. ఒక్క మాట అడగొచ్చా?"

"రండి, కూర్చోండి."

ఆయన కూర్చోలేదు. "బీమారీ నేనే తెచ్చిన్నట. మీరు మిషన్ల చూసిండ్రట. సచ్ హై? నిజమేనా?"

నేను గొంతు సవరించుకున్నాను. "అంటే... శాస్త్రీయంగా చూస్తే..."

"గల్లీ ఫికర్ లేదు సార్ నాకు. ఎవరు వచ్చినా రాకున్నా సరే. నా బిడ్డ ముచ్చట చెప్పుండ్రి. నేను వచ్చిన రోజు దాన్ని ఒళ్లె కూసుండబెట్టుకొని నా చేత్తోని ఖజూర్ పండు తినిపిచ్చిన. తర్వాత పిల్ల దవాఖానల పడ్డది. నరం దొరకక సూది మూడుసార్లు గుచ్చిండ్రు, పట్టుకున్నది నేనే. గిప్పుడు చెప్పుండ్రి సార్. నా బిడ్డకు నేనే పెట్టిన్నా?"

ఇక్కడ ఏ మనిషైనా అనవలసిన మాటలు పది ఉంటాయి. వాటన్నిటినీ వదిలేసి నేనన్న మాట ఏమిటో తెలుసా? "సైన్సు అబద్ధం చెప్పదండీ." ఇన్నేళ్ళయినా ఆ మాట తలుచుకుంటే నా చెవులు నాకే వేడెక్కుతాయి.

ఆయన మెత్తని గొంతుతోనే అడిగాడు. "సరే సార్. సైన్స్ అబద్ధం చెప్పది. మరి ఆ చెట్టు మీద నేను ఏడ ఉన్న?"

"మీరా? మీరు లేరండీ. మీకు జబ్బు రాలేదు కదా, మీ శాంపిల్ తీయలేదు."

"నా శాంపిలే తియ్యలే. తెచ్చింది మాత్రం నేనే."

నా జవాబు కోసం ఆగకుండా ఆయనే అందుకున్నాడు. "నేను లారీలు బాగు చేస్తా సార్. లారీ ఆగిపోయి వస్తది. డ్రైవర్ అంటడు, డీజిల్ల నీళ్లు కలిసినయి, బంకోడు దొంగ అని. నేను ఊ అంట. ఊ అని ముందు ట్యాంకు తెరుస్తా. తెరవకుండ బంకు మీదికి లొల్లికి పోను. ట్యాంకు తెరుద్దాం సార్. ముందు నాదే తెరువుండ్రి."

ఇరవై ఏళ్ళు చదువుకున్న నాకు తట్టనిది పానా పట్టుకునే ఆ మనిషికి ఒక్క నిమిషంలో తట్టింది. అప్పుడు నాకు సిగ్గేసింది. ఆలస్యంగానైనా వేసింది, ఆ మేరకు నన్ను మెచ్చుకోండి.

మర్నాడు యూసుఫ్ భాయ్ నాతోపాటు ల్యాబుకొచ్చాడు. నేను గీసిన చెట్టును మేడమ్ ముందు పెట్టాను. ఆవిడ ఒకసారి చూసింది. నవ్వలేదు. ఆ నవ్వకపోవడం పక్క గదిలో కూడా వినబడింది.

"ఎవరెవర్ని పిలిచి గీసినవ్ ఇది?"

"ఆఫ్రికావి ఎక్కువ తీసుకున్నానండీ."

"మనయి?"

"రెండండీ. కాస్త పాతవి."

"మొన్న కోస్తా జిల్లాల నుంచి మన దగ్గరికే వచ్చినయి, నువ్వే లేబుళ్లు అంటించినవ్ గద, అవేవి?"

"అవి... మరచిపోయానండీ."

"నువ్వు పిలిచినోళ్లే వచ్చిండ్రు ప్రసాద్, ఇంకెవరొస్తరు? మీదికెల్లి వేరు పెట్టకనే చెట్టు నిలబెట్టినవ్. వేరు లేకుంటే ఏది తల్లో ఏది బిడ్డో ఎట్ల తెలుస్తది? బొమ్మ తిప్పి పట్టుకుంటే మనవడు తాత అయితడు. అది పట్టుకొని ఊరంత చాటింపేసినవా?"

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. దొరికినన్ని దేశాల రాతలు దించింది, పాతవీ కొత్తవీ. మన కోస్తావి కలిపింది. వేరు పెట్టింది. కంప్యూటరు సాయంత్రందాకా గొణిగి ఒక మహావృక్షాన్ని తెర మీద నిలబెట్టింది. నేను గీసింది దాని ముందు తులసికోటలో కొమ్మలా ఉంది. యూసుఫ్ భాయ్ పొద్దుటి నుంచీ అక్కడే కూర్చున్నాడు. మేడమ్ ఆయన్ను దగ్గరికి పిలిచి, తెర మీద వేలు పెట్టి చూపించింది.

"ఇది చూడు భాయ్. ఇది మన సముద్రం దిక్కు. ఈ కొమ్మ ఇక్కడికెల్లి పోయి, ఇగో, మీ ఆఫ్రికల తేలింది. మీ గల్లీ ఆరుగురు ఇక్కడున్నరు, ఈ కొసకు. ఆఫ్రికోళ్లు ఆ కొసకు. మధ్యల తేడాలు లెక్కవెట్ట మన వేళ్లు చాలవు. అది అక్కడికెల్లి రాలే. నువ్వు తేలే."

యూసుఫ్ భాయ్ చాలాసేపు ఆ కొమ్మల వెంట వేలు నడిపించాడు. "యా అల్లా! ఒక్క అక్షరం తప్పు పట్టుకొని సముద్రాలు దాటి చూసిండ్రు మీరు," అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "మేడమ్, పోయినేడు అక్కడ మా వర్క్‌షాప్ దగ్గర ఈ బీమారీ వచ్చింది. ఇండియా నుంచి వచ్చినోళ్లు తెచ్చిండ్రన్నరు. ఇక్కడికొస్తే అక్కడికెల్లి తెచ్చిన అంటున్నరు. ఇగ నేను ఏడుండాలె? విమానంలనా?"

మేడమ్ పగలబడి నవ్వింది. ఆయనా నవ్వాడు. నేను మాత్రం గోడ మీది క్యాలెండరు చూశాను. దావత్‌కు ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

"తేలేదని గల్లీల చెప్తే సరిపోది," అంది మేడమ్. "మరి ఎవరు తెచ్చిండ్రంటరు. గల్లీల అందరి శాంపిళ్లు తీస్తం. నంబర్లు నేనే వేస్త. నీకు పేర్లు తెలిస్తే ముందుగల్లనే ఎవర్నో ఒకర్ని ఉరి తీస్తవ్."

చిన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగాను. పెద్దమనుషుల గుమ్మంలో నిలబడి ఆ డబ్బాలో ఏం పట్టి ఇవ్వాలో మర్యాదగా చెప్పడం ఎంత కష్టమో మీకు తెలియదు. ఈశ్వరయ్యగారు డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, "సారూ, ఇంతదానికి ఇంత మంచి డబ్బా ఎందుకు?" అన్నారు. యూసుఫ్ భాయ్ అందరికన్నా ముందు ఇచ్చాడు, ఇచ్చి నాతోపాటు తిరిగి, భయపడ్డవాళ్ళకు నచ్చజెప్పాడు కూడా. డబ్బాలన్నీ తెచ్చి మేడమ్ ముందు పెట్టాను.

"నీది?"

"నాదెందుకండీ?"

"గల్లీల ఉండేటోళ్లందరివి అన్న. నువ్వేడ ఉంటవ్?"

ఇచ్చాను.

మూడు రోజులు గడిచాయి. ఏ డబ్బాలోనూ క్రిమి లేదు, ఒక్క తొమ్మిదో నంబరు దాంట్లో తప్ప. దాని రాత చదివాం. ఆరుగురు రోగుల క్రిముల్లోనూ ఒకే కొత్త తప్పు ఒకటుంది. తొమ్మిదో నంబరులో ఆ తప్పు లేదు, మిగతా అంతా అక్షరం పొల్లుపోకుండా అదే. అంటే తొమ్మిదో నంబరే ముందరిది, ఆరుగురూ దాన్ని చూసి రాసుకున్నవాళ్ళు. ఇంకా చూస్తే, ఆ తొమ్మిదో నంబరు కోస్తా నుంచి వచ్చిన శాంపిళ్ళలో ఒకదానికి అచ్చం కవల. నాకు పూనకం వచ్చింది.

"దొరికాడు మేడమ్! ఈ తొమ్మిదో నంబరు వాడేనండీ దొంగ! కోస్తా వెళ్ళొచ్చి ఉంటాడు. ఒంట్లో బాగాలేదని ఒక్క ముక్క చెబితే వాడి సొమ్మేం పోయింది? ఇంత బాధ్యత లేని మనిషి గల్లీలో ఉన్నాడంటే నాకే సిగ్గుగా ఉంది. చదువూ సంధ్యా లేనివాడై ఉంటాడు. వాణ్ణి యూసుఫ్ భాయ్ కాళ్ళ మీద పడేయాలండీ!"

"గంతేనంటవా?"

"అంతేనండీ! పదిమంది ముందూ!"

మేడమ్ రిజిస్టరు నా వైపు తోసింది. "చదువు. గట్టిగ చదువు."

"తొమ్మిది," అని గట్టిగా మొదలుపెట్టాను. "పేరు, ప్రసాద్." గల్లీలో ఇంకో ప్రసాద్ ఉన్నాడా అని ఒక్క క్షణం ఆశపడ్డాను. "వయసు ఇరవై ఆరు..." గొంతు సన్నగిల్లింది. "ఈశ్వరయ్యగారి మేడమీద గది."

"గట్టిగ చదువుమన్న గద?"

"డబ్బాలు మారిపోయాయేమోనండీ."

"మళ్లొకటి ఇయ్యి."

రెండోసారీ ఇచ్చాను. మేడమ్ తన చేత్తో మొదటి నుంచీ చేసింది. రెండోసారీ నేనే.

"మొన్న మూడొద్దులు సెలవు వెట్టినవ్. జలుబన్నవ్," అంది మేడమ్.

"జలుబేనండీ."

"గా జలుబు ముక్కులకెల్లి కారిందా, ఇంకెటుకెల్లి అన్ననా?"

చెప్పక తప్పలేదు. గల్లీలో జబ్బు మొదలవడానికి ముందు వారమే మా బాబాయి కూతురి పెళ్ళికి ఊరెళ్ళాను. ఐస్ వేసిన చెరుకురసం ఆరు గ్లాసులు తాగాను. తిరిగొచ్చాక మూడు రోజులు నేను గదిలో ఉన్నదానికన్నా బాత్రూములో ఉన్నదే ఎక్కువ. సైంటిస్ట్ సారుకు విరేచనాలంటే బాగుండదని సెలవు చీటీలో జలుబని రాశాను. కలరా క్రిములు చదివే ల్యాబులో కూర్చుని, నా కడుపులోదాన్ని మాత్రం ఎవరికీ చదివించలేదు. తగ్గాక కూడా అది కొన్నాళ్ళు లోపలే ఉండగలదని పుస్తకంలో నేనే ఎర్ర పెన్నుతో గీతగీసుకున్నాను.

దావత్‌కు నాలుగు రోజులు. పదిమంది ముందూ అని నేనే తీర్పిచ్చాను కాబట్టి, పదిమంది ముందే నిలబడ్డాను. ఈశ్వరయ్యగారి అరుగు ముందు గల్లీ అంతా పోగైంది. మేడమ్ ఇచ్చిన మందు అప్పటికే వేసుకున్నానని మొదట చెప్పి, మిగతాది తలదించుకుని చెప్పాను. ఈశ్వరయ్యగారు మేడవైపు చూపిస్తూ అన్నారు.

"అంటే సారూ, ఆఫ్రికా మా మేడమీదనే ఉన్నదా?"

గల్లీ గొల్లుమంది. నవ్వినవాళ్ళు నవ్వారు, తిట్టినవాళ్ళు తిట్టారు, ఆసుపత్రిలో పడుకుని వచ్చిన ఒకావిడ రెండూ చేసింది. యూసుఫ్ భాయ్ మాత్రం నవ్వలేదు, తిట్టలేదు. అమీనాను ఎత్తుకుని నా దగ్గరికొచ్చాడు.

"పక్కానా సార్? నేను కాదు గద? నా బిడ్డకు నేను పెట్టలే గద?"

"కాదు భాయ్. మీరు కాదు. నేను."

ఆయన అక్కడే మెట్టు మీద కూలబడి, పిల్ల భుజం మీద మొహం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ వారం రోజులూ ఆ మనిషి ఏం మోశాడో నాకు అప్పుడు తెలిసింది. నా కళ్ళలోనూ నీళ్ళొచ్చాయి. అమీనా తండ్రి వీపు తడుతూ, "ఎందుకేడుస్తున్నవ్ అబ్బా, ఈయన కొట్టిండా?" అని నావైపు వేలు చూపింది. కొట్టినట్టే తల్లీ, అనుకున్నాను.

కళ్ళు తుడుచుకున్నాక ఆయన మళ్ళీ మెకానిక్ అయిపోయాడు. "సరే. మీ కడుపులది గల్లీ మొత్తం కడుపులకు ఎట్ల పోయింది? చూద్దాం పదండ్రి." నా గది కిందుగా దిగే మరుగు పైపు వెంట నడిచాడు. పెరట్లో ఒకచోట అది నాలుగిళ్ళకు వెళ్ళే మంచినీళ్ళ పైపు మీదుగా పోతుంది. సరిగ్గా అక్కడ పగిలి ఉంది. పగులుకు చుట్టి ఉన్నది పాత సైకిల్ ట్యూబు. కింది పైపుకు తుప్పుపట్టిన చిల్లు. ఈశ్వరయ్యగారు ఉన్నట్టుండి ఆకాశంలోని మబ్బుల మీద శ్రద్ధ చూపించసాగారు.

"క్రిమి లోపలి అక్షరాల దాకా పోయిండ్రు సార్," అన్నాడు యూసుఫ్ భాయ్, "పైపు దాకా రాలేదు."

ఆ తర్వాత రెండు రోజులూ చొక్కా విప్పి ఆయనే మట్టి తవ్వాడు. కొత్త పైపులు వేయించాడు. పని నేర్చినవాడి చేతులు చూడ్డం ఎంత బాగుంటుందో! నేను పార పట్టుకుని పక్కన నిలబడ్డాను. నాకు ఆ మాత్రం పనైనా దొరికినందుకు సంతోషించాను. నీళ్ళ శాఖ వాళ్ళొచ్చి మందు కలిపారు, మేడమ్ నీళ్ళు పరీక్షించి సరేనంది. మోకాలి నొప్పులు తగ్గాయి, ఊరి ప్రయాణాలు ఆగిపోయాయి, మూడిళ్ళ వాళ్ళూ ఉపవాసాలు ఒక్కసారే విరమించారు.

బిస్మిల్లా నాడు అమీనా పత్తర్‌గట్టి బజారులో కుట్టించిన ఎర్ర జరీ బట్టలు వేసుకుని, మెడలో పూలదండతో పెద్దాయన ఎదుట కూర్చుంది. ఆయన చెప్పిన ఒక్కొక్క మాటా గల్లీ చివరిదాకా వినబడేలా చదివింది. యూసుఫ్ భాయ్ ముఖం చూస్తే, ఆయన అంతదూరం నుంచి ఎందుకొచ్చాడో ఎవరూ అడగనక్కర్లేదు. నేను వెళ్ళకూడదనే అనుకున్నాను. ఆయనే మెట్లెక్కి వచ్చి, "ప్రసాద్ భాయ్, నడువ్," అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. సార్ పోయి భాయ్ వచ్చింది. ఆ ప్రమోషను ఏ ఆఫీసూ ఇవ్వలేదు నాకు.

భోజనాలకు దస్తర్ఖాన్ గుడ్డ నేలమీద పరిచారు. అందరం కింద కూర్చున్నాం. నాకు అటూ ఇటూ ఇద్దరేసి మనుషులు పట్టేంత జాగా వదిలి కూర్చున్నారు, మర్యాదగానే. ఇంటాయన ఇత్తడి చెంబూ పళ్ళెమూ పట్టుకుని వరసగా అతిథుల చేతులు కడిగించడం అక్కడి పద్ధతి. యూసుఫ్ భాయ్ ఒక్కొక్కరి చేతుల మీదా నీళ్ళు పోసుకుంటూ వచ్చి, నా చేతుల మీదా పోసి, ముందుకు కదలబోయాడు.

"అబ్బా!" అని తండ్రిని పిలిచింది అమీనా. "ఆయనకు ఇంకోసారి."

నవ్వులు. ఆయన వెనక్కొచ్చి ఇంకోసారి పోశాడు.

"సబ్బు పెట్టి, ఇంకోసారి."

సబ్బొచ్చింది. గల్లీ అంతా లెక్కపెట్టసాగింది. అయిదోసారికి చెంబు ఖాళీ అయింది. అప్పుడా పిల్ల జరీ బట్టలు ఎత్తిపట్టుకుని నా దగ్గరికొచ్చి, నా రెండు చేతులూ తిప్పి, గోళ్ళ సందుల్లో కూడా చూసింది. వసుంధర మేడమ్ ఏ రిపోర్టునూ అంత జాగ్రత్తగా చూసి సంతకం పెట్టగా నేనెరగను.

"చాల్లే," అంది. "ఇగ తిను."

యూసుఫ్ భాయ్ చెంబు పక్కన పెట్టి, నా పక్క ఖాళీలో కూర్చుని, నా పళ్ళెంలోనే చెయ్యి పెట్టి మొదటి ముద్ద తిన్నాడు. అది చూసి గల్లీ మొత్తం జరిగి దగ్గరగా కూర్చుంది.

కాబట్టి చదువరులారా, అయిదుసార్లు కడిగిన ఈ చేతులు రెండూ జోడించి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట లోకంలో ఏ మూల ఏ రోగం పుట్టినా, ఎవరు తెచ్చారని ఎవరు అడిగినా, అందరికన్నా ముందు నా డబ్బా నేనే పట్టుకొచ్చి ఇస్తాను. దాని ఫలితం నా చేతికొచ్చేదాకా ఏడు ఖండాలూ నిర్దోషులే.